దూరసముద్రానికి వేగమైన తెరచాప పడవను ఎలా ఎంచుకోవాలి: కాగితం మీది అంకెల నుంచి నీటి మీది పరీక్ష దాకా

ఒడ్డు కనిపించని నీళ్లలో వారాల తరబడి తిరగడానికి ఒక తెరచాప పడవ కొనాలనుకుంటున్నారు. అది వేగంగానూ వెళ్లాలి. అయితే ముందు వేగం అనే మాటకు అర్థం తేల్చుకోండి. అల వీపు మీద జారుతూ ఓ పది క్షణాలు తాకే 15 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, దాదాపు 1.85 కిలోమీటర్లు) మనకు పనికొచ్చే లెక్క కాదు. రోజుకు ఎన్ని మైళ్లు, వరసగా ఎన్ని రోజులు, లోపలి మనుషులు డస్సిపోకుండా ఎంత దూరం అన్నదే లెక్క.

1968–69లో బ్రిటిష్ నావికుడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 32 అడుగుల సుహేలీ అనే పడవలో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టి వచ్చారు. అందుకు 312 రోజులు పట్టింది. సగటు వేగం 4 నాట్ల చుట్టుపక్కలే. ఈనాటి 40 అడుగుల ప్రయాణపు పడవ రోజుకు 150 నాటికల్ మైళ్లు సునాయాసంగా వెళ్తుంది, అంటే సగటున 6.25 నాట్లు. కెనరీ దీవుల నుంచి కరీబియన్‌కు దాదాపు 2,700 మైళ్లు అనుకుంటే 18 రోజుల ప్రయాణం. అదే రోజుకు 180 మైళ్లు నడిచే పడవకు 15 రోజులు చాలు. మిగిలిన మూడు రోజులంటే మూడు రాత్రుల కాపలా తగ్గడం, మూడు రోజుల నీళ్లు, తిండి మిగలడం, వాతావరణం తిరగబడే అవకాశం అంత మేర తగ్గడం. నేను వేగాన్ని కోరుకునేది ఇందుకే.

1. సరైన అంకెలు అడిగి తీసుకోండి

అమ్మేవారు ఇచ్చే రంగుల కరపత్రంలో మొత్తం పొడవు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మీకు కావలసింది నీటిగీత పొడవు. పడవ నిలకడగా తేలుతున్నప్పుడు నీటిని తాకి ఉన్న భాగం పొడవు అది. దానితో పాటు బరువు, కీల్‌లోని (పడవ అడుగున నీటిలోకి దిగి ఉండే రెక్కలోని) బ్యాలస్ట్, అంటే నిలకడ కోసం పెట్టిన బరువు, గరిష్ఠ వెడల్పు, నీటిలోకి దిగే లోతు, తెరచాపల వైశాల్యం, నిలకడ వక్రరేఖ అడగండి.

రెండు చోట్ల జాగ్రత్త. బరువు ఒట్టి పడవదా, నింపిన పడవదా? అది రాసివ్వమనండి. తెరచాపల వైశాల్యంలో స్తంభం దాటి వెనక్కి వచ్చే పెద్ద ముందు తెరచాపను కలిపి చూపిస్తే అంకె ఉబ్బుతుంది. ప్రధాన తెరచాప, స్తంభానికీ ముందు తాడుకూ మధ్య ఉన్న త్రికోణం, ఈ రెండే కలిపి లెక్కించండి. అన్ని పడవలకూ ఒకే కొలబద్ద ఉంటేనే పోల్చడానికి వీలవుతుంది.

2. మీ బరువు మీరే తూచుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఈ పని మీద పెట్టండి. వేగమైన పడవ కొని, ఏడాదిలో దాన్ని నెమ్మది పడవగా మార్చుకున్నవారు ఎందరో ఉన్నారు. డిజైనర్ చేసిన పనినంతా సామాను చెరిపేస్తుంది.

ఒక ఉదాహరణ పడవ తీసుకుందాం. నీటిగీత పొడవు 11 మీటర్లు, ఒట్టి బరువు 7,500 కిలోలు, వెడల్పు 3.9 మీటర్లు, తెరచాపలు 85 చదరపు మీటర్లు. ఇప్పుడు నలుగురు మనుషులతో మహాసముద్రం దాటడానికి నింపండి. 400 లీటర్ల నీళ్లు, 400 కిలోలు. 300 లీటర్ల డీజిల్, 250 కిలోలు. 10 మిల్లీమీటర్ల లంగరు గొలుసు మీటరుకు రెండుంపావు కిలోల దాకా తూగుతుంది, 80 మీటర్లకు 180 కిలోలు. రెండు లంగర్లు, 45. మనుషులు, వాళ్ల సంచులు, 400. తిండి 250. చిన్న పడవ, దాని ఇంజను, ప్రాణరక్షక తెప్ప, 150. పనిముట్లు, విడిభాగాలు, 150. బ్యాటరీలు, సౌరఫలకాలు, వాటిని మోసే చట్రం, 200. అదనపు తెరచాపలు 100. తాళ్లు, గిన్నెలు, పుస్తకాలు, 75. మొత్తం 2,200 కిలోలు. విలాసమనదగ్గది ఇందులో ఒక్కటీ లేదు.

ఈ బరువుకు పడవ ఎంత దిగుతుందో కూడా చూడండి. నీటి మట్టం దగ్గర పడవను అడ్డంగా కోస్తే వచ్చే వైశాల్యం సుమారు 25 చదరపు మీటర్లు ఉంటుంది. ఒక్క సెంటీమీటరు దిగడానికి 256 కిలోలు కావాలి. 2,200 కిలోలంటే ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, అంటే బెత్తెడు. లంగరేసి ఉన్న ప్రయాణపు పడవలను పక్కనుంచి గమనించండి. నీటిగీతకు పైన ఉండాల్సిన రంగుపట్టీ నీళ్లలో మునిగి, నాచు పట్టని రంగు వేసిన చోటు దాటి, తెల్లటి పక్కల మీద పచ్చటి నాచు గడ్డంలా వేలాడుతుంటుంది. కొందరు ఆ పట్టీని చెరిపి పైకి జరిపి మళ్లీ వేయించుకుంటారు. ఆ ఒక్క గీత చూస్తే ఆ పడవ సంగతి సగం తెలిసిపోతుంది.

3. నింపిన బరువుతోనే నిష్పత్తులు వేయండి

మొదటిది బరువుకూ పొడవుకూ ఉన్న నిష్పత్తి. నింపిన బరువును కిలోల్లో తీసుకుని 27.9తో గుణించి, నీటిగీత పొడవు ఘనంతో భాగించండి. మన పడవకు 11 ఘనం 1,331. ఒట్టి బరువుతో 157 వస్తుంది. సాధారణంగా 100 లోపు అతి తేలిక, 200 లోపు తేలిక, 300 లోపు మధ్యస్థం, ఆపైన బరువు పడవ అంటారు. కరపత్రం ప్రకారం ఇది చక్కటి తేలిక పడవ. అవే లెక్కలు 9,700 కిలోలతో వేయండి. 203. తేలిక పడవ మధ్యస్థపు గడప దాటేసింది.

రెండోది తెరచాపకూ బరువుకూ ఉన్న నిష్పత్తి. బరువును 1,025తో భాగిస్తే పడవ తోసే సముద్రపు నీటి ఘనపరిమాణం ఘనపు మీటర్లలో వస్తుంది. దానికి ఘనమూలం తీసి, వచ్చినదాన్ని వర్గం చేయండి. తెరచాపల వైశాల్యాన్ని దానితో భాగించండి. ఒట్టి పడవకు 22.5, నింపితే 19. పదహారు, పద్దెనిమిది మధ్య ఉంటే మామూలు ప్రయాణపు పడవ. 20 దాటితే చిరుగాలికీ కదిలే చురుకైన పడవ. 19తో మనది ఇంకా మంచి పడవే, కానీ మీరు డబ్బు పెట్టింది 22.5కు.

అందుకే పోల్చేటప్పుడు పడవలన్నిటికీ మీ 2,200 కిలోలు కలపండి. ఒట్టి బరువు 5 టన్నులున్న పడవకు ఈ సామాను 44 శాతం అదనం. 11 టన్నుల పడవకు 20 శాతమే. మరీ తేలిక పడవ మీద ఇల్లంతా ఎక్కిస్తే ఎక్కువ నష్టపోయేది అదే. తక్కువ సామానుతో బతకగలిగితేనే అతి తేలిక పడవ తీసుకోండి. లేదంటే కొంచెం పొడవైనది, కొంచెం బరువైనది మేలు.

4. పొడవు ఏం చేస్తుందో అర్థం చేసుకోండి

నడిచే పడవ తన ముందు ఒక అలను లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. అల పొడవు పడవ నీటిగీత పొడవుకు సమానమైనప్పుడు అణియం, అంటే పడవ ముందు కొస, ఒక అలశిఖరం మీద ఉంటుంది. వెనుక కొస అయిన అమరం తర్వాతి శిఖరం మీద ఉంటుంది. అంతకంటే వేగం కావాలంటే పడవ తన అలను తానే ఎక్కాలి. ఆ వేగం నాట్లలో, మీటర్లలోని నీటిగీత పొడవు వర్గమూలానికి 2.43 రెట్లు. మన 11 మీటర్ల పడవకు సుమారు 8 నాట్లు. 1870ల తొలినాళ్లలో విలియం ఫ్రూడ్ ఇంగ్లండ్‌లోని టార్క్వేలో పొడవాటి నీటి తొట్టె కట్టి, చిన్న నమూనాలను లాగి ఈ అలల నిరోధాన్ని కొలిచారు. నేటి డిజైనర్లు ఆ పునాది మీదే పనిచేస్తున్నారు.

8 నాట్లు దాటలేని గోడేమీ కాదు. తేలిక పడవ, వెడల్పయిన చదునైన అమరం ఉన్నది, వెనుకగాలికి తన అలను ఎక్కి జారగలదు. బరువు పడవ ఎంత తెరచాప కట్టినా అక్కడే గుంటలో కూరుకుపోతుంది.

వేగానికి రెండు దారులున్నాయి. ఒకటి, వెడల్పయిన అమరంతో తేలిగ్గా కట్టి అల మీద జారడం. రెండోది, పొడవుగా, సన్నగా కట్టి నీటిని చీల్చుకుపోవడం. స్టీవ్, లిండా డాష్యూ దంపతుల డీర్‌ఫుట్, సన్‌డీర్ పడవలు రెండో దారివి. ఇద్దరు మనుషులు నడపగలిగేంత తెరచాపతో, పొడవైన నీటిగీతతో రోజుల తరబడి మంచి సగటు నిలబెట్టాలన్నది అక్కడి ఆలోచన. దూరసముద్రానికి నాకు రెండో దారే ఇష్టం. వెడల్పయిన పడవ రేవులో నిలిపినప్పుడు హాయిగా ఉంటుంది. ఎదురుగాలిలో మాత్రం ఒరిగి, అమరం పైకి లేచి, అణియం నీటిలోకి దిగి, చుక్కాని పట్టు తప్పడానికి చూస్తుంది. చదునైన అణియం ఉన్నది ప్రతి అలకూ నేలకు కొట్టినట్టు దబ్బున పడుతుంది. ఆ దెబ్బకు లోపల ఎవరూ నిద్రపోలేరు. నిద్ర లేని సిబ్బంది మూడో రోజుకు తెరచాప కుదించి వేగం తగ్గిస్తారు. లెక్కల్లో గెలిచిన పడవ అక్కడ ఓడిపోతుంది.

5. నిలకడ: ఇక్కడ రాజీ పడవద్దు

ఇంగ్లండ్ నుంచి ఐర్లండ్ దగ్గరి ఫాస్ట్‌నెట్ రాతిని చుట్టి వచ్చే తెరచాప పడవల పోటీ, 1979 ఫాస్ట్‌నెట్ పందెంలో 303 పడవలు బయలుదేరాయి. తుఫానులో 15 మంది నావికులు చనిపోయారు. తర్వాత జరిగిన అధ్యయనాల్లోంచి ఒక తేలిక సూత్రం పుట్టింది. పడవ వెడల్పును, అది తోసే నీటి ఘనపరిమాణం ఘనమూలంతో భాగించండి. 2 కంటే తక్కువ రావాలి. మన పడవకు ఒట్టి బరువుతో 2.01, నింపితే 1.84.

సామాను నింపితే పడవ భద్రమైపోయిందా? లేదు. ఆ సూత్రానికి బరువు ఎంతో తెలుసు గానీ ఎక్కడుందో తెలియదు. 2,200 కిలోలూ డెక్కు మీద పేర్చినా అది 1.84 అనే చెబుతుంది. దాన్ని మొదటి జల్లెడగా వాడి, నిలకడ వక్రరేఖ దగ్గరకు వెళ్లండి. పడవ ఎన్ని డిగ్రీలు ఒరిగేదాకా తనంతట తాను లేచి నిలబడుతుందో ఆ రేఖ చూపిస్తుంది. యూరప్‌లో అమ్మే పడవలకు ‘ఎ’ వర్గం దొరకాలంటే, అంటే గాలి బలాన్ని చెప్పే బోఫోర్ట్ కొలతలో 8 దాటిన గాలికీ 4 మీటర్లు దాటిన అలలకూ తగినదని అనిపించుకోవాలంటే, ఈ కోణం 100 డిగ్రీలకు తగ్గకూడదు, నిలకడ సూచిక, అంటే పడవ నిలకడ గుణాలన్నీ కలిపి వేసే మార్కు, కనీసం 32 ఉండాలి. ఇవి గడప కొలతలు మాత్రమే. నేనైతే 120 డిగ్రీల కంటే తక్కువ ఉన్న పడవతో మహాసముద్రం దాటను. రేఖలో సున్నాకు కింది భాగం కూడా చూడండి. అది ఎంత చిన్నదైతే, బోర్లాపడిన పడవ అంత త్వరగా తిరిగి లేస్తుంది. వెడల్పయిన పడవలకు ఆ భాగం పెద్దగా ఉంటుంది, అంటే తలకిందులుగా కూడా అవి నిలకడగానే ఉంటాయి.

స్తంభం పైన చేర్చే ప్రతి కిలో ఈ రేఖను కిందికి లాగుతుంది. రాడార్, చుట్టుకునే తెరచాపల యంత్రాలు, పైన కట్టిన సామాను అన్నీ లెక్కకు వస్తాయి.

6. కీల్, చుక్కాని, కట్టుబడి

లోతైన సన్నని కీల్, దాని అడుగున సీసపు గడ్డ: తక్కువ బరువుతో ఎక్కువ నిలకడ, ఎదురుగాలికి మంచి పట్టు. ఇది వేగానికి అనువైన అమరిక. దీని బలహీనత అది పడవకు అతికే చోట ఉంటుంది. 2014 మేలో అట్లాంటిక్‌లో చీకీ రఫికీ అనే పడవ కీల్ ఊడిపోయి నలుగురు మరణించారు. అంతకుముందు నేల తాకిన సందర్భాలు, ఆ తర్వాతి మరమ్మతులు కలిసి కట్టుబడిని బలహీనపరచి ఉండవచ్చని దర్యాప్తు తేల్చింది.

కాబట్టి పాత పడవ చూస్తున్నప్పుడు లోపలి నేల పలకలు లేపి, కీల్ బోల్టుల చుట్టూ టార్చి వేసి చూడండి. బోల్టు పలకల కింద తుప్పు మరక, కీల్ వెనుక అంచు పైన ఉన్న అడ్డుపట్టీల్లో వెంట్రుకవాసి పగులు, అతుకు దగ్గర లోపలి చట్రం పడవ పొట్ట నుంచి విడివడిన గుర్తు, కొత్తగా వేసిన రంగు. ఇవి కనిపిస్తే ఎన్నిసార్లు నేల తాకిందని నేరుగా అడగండి. నాణెంతో తట్టుకుంటూ పోతే అతుకు విడిన చోట శబ్దం బోలుగా వినిపిస్తుంది. అనుమానం వస్తే సర్వేయరును, అంటే పడవలను తనిఖీ చేసే నిపుణుణ్ని, పిలవకుండా ముందుకు వెళ్లవద్దు.

చుక్కాని విషయంలో ఒకే ప్రశ్న: అది విరిగితే పడవలోకి నీళ్లు వస్తాయా? దాని ఇరుసు ఉన్న గది నీరు చొరని గోడతో విడిగా ఉండాలి. అణియం వైపు కూడా అలాంటి గోడ ఒకటి తప్పనిసరి.

7. తెరచాపలు: మనుషుల సంఖ్యకు తగినన్ని

గాలి బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. 14 నాట్ల గాలి 20 అయితే తెరచాప మీద ఒత్తిడి రెట్టింపు. పైగా పడవ వేగం కూడా గాలికి కలుస్తుంది. 15 నాట్ల గాలికి 45 డిగ్రీల కోణంలో ఎదురుగా 7 నాట్లతో వెళ్తుంటే డెక్కు మీద తగిలే గాలి 20 నాట్లు దాటుతుంది. అదే గాలికి వెనుదిరిగి వెళ్తే తగిలేది 8 మాత్రమే. రెండింటి మధ్య బలంలో ఆరు రెట్లకు పైగా తేడా. వెనుకగాలికి హాయిగా వెళ్తున్నామనుకుని ఎక్కువ తెరచాప ఉంచేసి, దిశ మార్చగానే చిక్కుల్లో పడేది ఈ తేడా వల్లే.

ప్రధాన తెరచాపకు మూడు కుదింపులు, అంటే గాలి పెరిగినప్పుడు దాన్ని కొంత మడిచి చిన్నది చేసే మెట్లు, ఉండాలి. మూడోది నిజంగా లోతుగా ఉండాలి. ముందు రెండు తెరచాపలు ఒకదాని వెనుక ఒకటి చుట్టుకునేలా ఉంటే మంచిది: మామూలు గాలికి పెద్దది, గట్టి గాలికి లోపలి చిన్నది. చిరుగాలికి పెద్ద తేలిక తెరచాప ఒకటి తప్పక కొనండి. సగటు వేగం దెబ్బతినేది తుఫానులో కంటే 8 నాట్ల గాలిలోనే. అక్కడ 4 నాట్లతో కొట్టుకునే పడవను అది 6 నాట్లకు తెస్తుంది.

కొనేముందు ఒక పరీక్ష పెట్టుకోండి. కాపలాలో ఉన్న ఒక్క మనిషి, రాత్రి, మిగతావారిని లేపకుండా మొదటి కుదింపు వేయగలగాలి. అలా కుదరకపోతే ఆ పడవకు తెరచాప ఎక్కువైనట్టు, లేదా తాళ్ల అమరిక సరిగ్గా లేనట్టు.

8. బరువును మధ్యకు, కిందికి జరపండి

పడవ ముందువెనుకలకు ఊగే తీరు మీద, బరువు మధ్య నుంచి ఉన్న దూరపు వర్గం లెక్కకు వస్తుంది. 180 కిలోల గొలుసు మధ్యకు 5 మీటర్ల ముందు ఉంటే కలిగే ప్రభావం, 2.5 మీటర్లకు జరిపితే నాలుగో వంతే. గొలుసును గొట్టం గుండా వెనక్కి, కిందికి రప్పించే ఏర్పాటు ఉందేమో చూడండి. బ్యాటరీలు, నీటి తొట్టెలు, డబ్బా ఆహారం కీల్‌కు దగ్గరగా, అడుగున ఉంచండి. అమరం మీది చట్రానికి చిన్న పడవ, ఇంజను, సైకిళ్లు, గ్యాసు సిలిండర్లు వేలాడదీసే అలవాటు ఎంత సౌకర్యమైనా మానుకోండి. బరువైన కొస అలకు లేవడం ఆలస్యం చేస్తుంది.

9. నీటి కింది బ్రేకులు తీసేయండి

తిరగకుండా నిలిచిపోయిన మూడు రెక్కల ప్రొపెల్లర్ అర నాట్ దాకా తినేయగలదు. రోజుకు 12 మైళ్లు, 15 రోజులకు 180 మైళ్లు, అంటే ఒక రోజు పూర్తిగా పోయినట్టే. మడుచుకునే ప్రొపెల్లర్ పెట్టించండి. బయలుదేరే ముందు అడుగంతా నాచు, గుల్లలు లేకుండా గీయించండి. ఇంతకంటే తక్కువ ఖర్చుతో వేగం ఎక్కడా దొరకదు.

10. నీటి మీద పరీక్ష

ఒట్టి పడవతో పరీక్షకు వెళ్లవద్దు. నీటి తొట్టెలు, డీజిల్ తొట్టె నింపమనండి, మనుషుల్ని ఎక్కించండి. చేతిలో ఒక జీపీఎస్, ఒక నోటుపుస్తకం చాలు.

10 నుంచి 15 నాట్ల గాలి ఉన్న రోజు ఎంచుకోండి. ఎదురుగాలికి ఒకవైపు పది నిమిషాలు, మరోవైపు పది నిమిషాలు నడపండి. రెండు దిశల మధ్య కోణం రాసుకోండి. అది 90 డిగ్రీల లోపు ఉండాలి. 45 డిగ్రీల కోణంలో 6.5 నాట్లు వస్తే గాలివైపు నిజంగా సాగేది 4.6 నాట్లే. అదే అసలు అంకె. తర్వాత పక్కగాలికి, వెనుకగాలికి నడపండి. ప్రవాహం మోసం చేయకుండా ప్రతి దిశలో వెళ్లిన దారినే తిరిగి వచ్చి సగటు తీసుకోండి.

ఈలోగా చుక్కాని చక్రం నుంచి చేతులు తీసి పది క్షణాలు లెక్కపెట్టండి. సమతూకం ఉన్న పడవ మెల్లగా గాలివైపు మళ్లుతుంది, ఒక్కసారిగా తిరగదు. చుక్కానిని 5, 6 డిగ్రీల కంటే ఎక్కువ తిప్పి పట్టుకోవాల్సి వస్తే అది నీటిలో బ్రేకులా పనిచేస్తున్నట్టు. స్వయంచాలక చుక్కాని యంత్రం రాత్రంతా దానితో పోరాడి బ్యాటరీని తాగేస్తుంది. ముందుగా తెరచాప కుదించి చూడండి, చాలా పడవలు ఒరుగు తగ్గగానే వేగం పుంజుకుంటాయి.

చివరగా, పడవ ఒరిగి నడుస్తుండగా లోపలికి దిగి వంటగదిలో నిలబడండి. రెండు చేతులూ వాడి ఒక గిన్నెలో నీళ్లు మరిగించండి. అమరం వైపు పడకలో పది నిమిషాలు కళ్లు మూసుకుని పడుకోండి. పడవ పొట్టకు తగిలే అల శబ్దం, కిర్రుమనే చెక్క, ఒరిగినప్పుడు మీ నడుము ఎటు జారుతుందో గమనించండి.

ఇంటికొచ్చాక మీరు కొలిచిన వేగాలను డిజైనర్ ఇచ్చిన వేగాల పట్టికతో పోల్చండి. పట్టికలోని అంకెలు నున్నటి అడుగుకు, కొత్త తెరచాపలకు, చురుకైన సిబ్బందికి వేసినవి. నేనైతే ప్రయాణ లెక్కలకు వాటిలో 80 శాతమే తీసుకుంటాను, రాత్రిపూట ఇంకొంచెం తగ్గిస్తాను. అలా వచ్చిన రోజువారీ మైళ్లతో దారిని భాగించి రోజులు లెక్కించండి. ఆ రోజులకు సరిపడా నీళ్లు, తిండి ఎంతో తేల్చుకుని, మళ్లీ రెండో మెట్టుకు వెళ్లి 2,200 కిలోల జాబితాలో ఏది కొట్టేయవచ్చో చూడండి.